నాలుగో పీరియడ్, ఫ్రెంచి

గోడకున్న స్పీకర్ గరగరలాడగానే క్లాసంతా ఫ్లోరి వైపు తిరిగింది. అది ఎవరికోసమో ఆ గదిలో గోడలకి కూడా తెలుసు.

ఆ సమయానికి ఫ్లోరి నిలబడి నిమ్మకాయలు కొంటోంది. పాఠం కోసం ఆడే ఆటలో కోల్బీ కొట్టువాడు, ఆమె బేరానికి వచ్చింది. ఈ గదిలో ఎవరి పేరూ వాళ్ళది కాదు. మొదటిరోజున ఉన్నిటోపీలోంచి చీటీ తీసి, వచ్చిన ఫ్రెంచి పేరు ఏడాదంతా తగిలించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. కోల్బీకి మార్సెల్ అని వచ్చింది. ఫ్లోరిడాల్మా జెరోనిమోకి ఒడెట్ అని వచ్చింది. అంత పొడుగు పేరు మోసే పిల్లకి ఈ చిన్న పేరు నెత్తిన బరువు దించినట్టుండేది.

"ఒడెట్ గారికి ఇవాళ ఏం కావాలో?" లేని మీసం దువ్వుకుంటూ ఫ్రెంచిలో అడిగాడు మార్సెల్.

"ఆరు నిమ్మకాయలు. కుళ్ళినవి పెట్టావంటే మొహాన కొడతాను."

కుళ్ళినవన్న మాట పాఠంలో లేదు. రాత్రి నిఘంటువులో వెతికి, ఎవరికీ చెప్పకుండా నోట్లో పెట్టుకుని తెచ్చింది. మేడం పెల్కీ కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వబోయింది.

"మేడం, ఫ్లోరిని ఒకసారి ఆఫీసుకి పంపిస్తారా?" అంది స్పీకర్.

మేడం నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇప్పుడేనా?"

"ఇప్పుడే. థాంక్యూ అండీ."

మేడం కిటికీ వైపు చూసింది. బయట మార్చి నెల మంచు కరిగీ కరక్క, బురదా మంచూ కలిసి బూడిద రంగులో పడి ఉంది. "వెళ్ళమ్మా," అంది ఇంగ్లీషులో. ఆ క్లాసులో ఇంగ్లీషు మాట్లాడకూడదని పెట్టిన నియమం ఆవిడదే.

"నిమ్మకాయలు దాచిపెడతాలే," అన్నాడు కోల్బీ. వాడు మంచివాడే. తరవాతి బేరం బ్రిన్ అనే పిల్లది కాబట్టి నిమ్మకాయలు మాత్రం మిగలవు.

నడవాలో ఎదురుగదిలో స్పానిష్ క్లాసు. సెన్యోరా విట్‌కంబ్ చప్పట్లు కొడుతూ వారాల పేర్లు పాడిస్తోంది. తలుపుకి కాగితం పూలు, రంగు జెండాలు. ఆ చివర బ్యాండు గదిలోంచి ఏడో తరగతి వాళ్ళ వాయింపు వినిపిస్తోంది. అందులో ఒక ట్రంపెట్ అందరికన్నా ఒక అడుగు వెనక బయల్దేరి, అందుకోవాలన్న ఆత్రంలో అందరినీ మించి అరుస్తుంది. అది లెస్వియా. ఫ్లోరి చెల్లెలు. ఆ ఒక్క చోట మాత్రం ఫ్లోరి నడక నెమ్మదించేది.

ఆఫీసులో కుర్చీ అంచున ఒకావిడ కూర్చుని ఉంది. హెంచీలనే వాళ్ళ పాడిలో పనిచేసే మెక్సికో మనిషి. పాల మడ్డి ఎండిన బూట్లు. కొడుకు ఎవడినో కొట్టాడు. మూడు రోజులు బడికి రాకూడదని వైస్ ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో చెప్పాడు. ఫ్లోరి స్పానిష్‌లో చెప్పింది.

"మూడు రోజులు వాణ్ణి ఇంట్లో ఎవరు చూస్తారు? నేను తెల్లారకముందే పాకలో ఉండాలి. అడుగు ఆయన్ని."

అడిగింది. ఆయన భుజాలు ఎగరేశాడు. భుజాలకి అనువాదం ఏముంటుంది, అయినా ఆవిడ ఫ్లోరి నోటి వైపే చూస్తోంది.

"కుదరదంటున్నారమ్మా."

"కుదరదా?" ఆవిడ ఆ శిక్ష వేసింది ఫ్లోరియే అన్నట్టు చూసింది. "ఏం స్పానిషే పిల్లా నీది? కొండమాట కలిసి రాళ్ళు నమిలినట్టుంది. నువ్వు సరిగ్గా చెప్పావో లేదో!"

ఆ దెప్పు కొత్తది కాదు. స్పానిష్ ఫ్లోరి ఇంటిభాష కాదు. గ్వాటెమాలా కొండల్లో వాళ్ళు మాట్లాడుకునేది మామ్. స్పానిష్ అక్కడి బడిలో బెత్తం దెబ్బలతో వచ్చింది, దారిలో అవసరంతో వచ్చింది. ఈ అమెరికా బళ్ళో మాత్రం నల్లజుట్టు చూసి అందరూ అది తల్లిపాలతో వచ్చిందనే అనుకున్నారు. ఒక్కరూ అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు ఆమెకి లేదు.

"ఇక్కడ విన్నది ఇక్కడే. తెలుసుగా?" అంది సెక్రటరీ మిసెస్ రోవెల్, ప్రతిసారీ అన్నట్టే. ప్రతిసారీ ఇచ్చినట్టే గిన్నెలోంచి ఆకు ఆకారంలో ఉన్న మేపుల్ మిఠాయి ఒకటి తీసి చేతిలో పెట్టింది. "నువ్వు లేకపోతే మా గతేమిటో!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ బళ్ళో అందరికీ సాయం జరిగేది ఫ్లోరి నాలుగో పీరియడ్‌తోనే.

తిరిగి వచ్చేసరికి గంట కొట్టేశారు. కుర్చీలు బల్లలెక్కాయి. మేడం నల్లబల్ల తుడుస్తూ, "శుక్రవారం నోటి పరీక్ష," అంది, ఆమె వైపు తిరగకుండా. "బాగా వస్తేనే మూడో ఏడు ఫ్రెంచి. నీకిప్పటికే మార్కులు చాలా తగ్గాయి ఒడెట్."

"తెలుసు మేడం."

మిఠాయి జేబులో వేసుకుంది. అది ఆమె ఎప్పుడూ తినలేదు.

అదే రోజు బస్సు దగ్గరికి వెళ్తుంటే కౌన్సెలర్ టాట్రో అందుకున్నాడు. మెడలో తాళాల గుత్తి, మొహం నిండా ఆదరణ. "ఫ్లోరీ, నీ మంచికే ఒకటి ఆలోచించాను. ఫ్రెంచి వదిలెయ్. స్పానిష్‌లోకి మారు. చేపపిల్లకి ఈత నేర్పాలా? కూర్చున్నచోటే మార్కులు. సెన్యోరా కూడా చేతికింద మనిషి కావాలని ఎప్పట్నించో అడుగుతోంది."

"నాకు ఫ్రెంచి ఇష్టం సార్."

"ఇష్టం సరే, మార్కులేవీ? బుధవారం మీ అమ్మగారిని రమ్మను. మాట్లాడదాం. అనువాదానికి..." అని అటూ ఇటూ చూశాడు. "నువ్వుంటావుగా."

పాకలో సాయంత్రం పాలు తీసే వేళ. తల్లి ఎవులాలియా పాలు తీసేవాళ్ళు నిలబడే గుంటలో నిలబడి, తలెత్తి, పైనున్న ఆవు పొదుగు తుడుస్తోంది. ముందు మందునీళ్ళు, తర్వాత గుడ్డ, తర్వాత నాలుగు ధారలు చేత్తో పిండి చూసి, అప్పుడు యంత్రం. ఒక ఆవుకి వాడిన గుడ్డ ఇంకో ఆవుకి వాడదు. ఫ్లోరి కొత్త గుడ్డలు అందిస్తూ సంగతి చెప్పింది.

"బడికా? నేనా?" తల్లి చెయ్యి ఆగింది. ఆవు కాలు దులిపింది. "కాగితాల్లేనివాళ్ళని పట్టుకుపోయే ఆ ఆకుపచ్చ గీత బండి రోడ్డు మీద లేని రోజుందా? మీ నాన్న పక్క రాష్ట్రంలో పాడి దాటి కదలడు. నేను కొట్టుకి కూడా వెళ్ళను. బడికి రమ్మంటాడా!"

"రాకపోయినా ఏం కాదమ్మా. స్పానిష్‌లోకి మార్చేస్తారు, అంతే."

"మారిస్తే ఏం?"

ఏం అంటే ఏం చెప్పాలి? ఫ్రెంచిలో తన నోటి నుంచి వచ్చే మాటకి ఎవరి కొంపా మునగదని చెప్పాలా? అక్కడ నిమ్మకాయలు కుళ్ళుతాయి, మేనమామ సైకిలు ఎర్రగా ఉంటుంది, ఆదివారం వాన పడుతుంది, అంతే. ఎవరి కొడుకునీ బడి మాన్పించరు, ఎవరికీ జబ్బు ఉందని చెప్పక్కర్లేదు. పైగా అక్కడ అందరూ సున్నా దగ్గర మొదలుపెట్టారు. కోల్బీకి ఎంత రాదో తనకీ అంతే రాదు. అంత హాయి ఆమెకి ఇంకే భాషలోనూ దొరకలేదు. ఇదంతా మామ్‌లో చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "ఏం లేదులే," అంది.

తల్లి ఇంకో గుడ్డ అందుకుంది. కూతురి మొహం ఒకసారి చూసి, యంత్రం తగిలించింది. "జోయాన్‌ని అడుగుతాను, బండిలో దింపుతుందేమో." జోయాన్ పాడి యజమాని భార్య.

పాక వెనకున్న ట్రైలర్ ఇంట్లో లెస్వియా మంచం మీద నిలబడి ట్రంపెట్ ఊదుతోంది. "దూడ గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టుంది, ఆపవే!" అని తల్లి ఎన్నిసార్లు అరిచినా ఆపదు.

"అక్కా, కచేరీలో మొదటి ముక్క నాకిచ్చారు! అందరూ ఊరుకుంటారు, నేనొక్కదాన్నే వాయించాలి."

"నీకా? పాపం, వినేవాళ్ళు."

"ఏం, ఊపిరి నాకే ఎక్కువుందన్నారు మాస్టారు." మిఠాయి కోసం చెయ్యి చాపింది. ఫ్లోరి జేబులోంచి తీసి ఇచ్చింది. లెస్వియా ఆకు తొడిమ దగ్గర కొరికి, మిగతాది కాసేపు దాచుకుని, ఎప్పటిలాగే రెండు నిమిషాల్లో అదీ తినేసింది.

బుధవారం తల్లి ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకుంది. బండిలో కిటికీ కన్నా కిందకి తల పెట్టుకుని కూర్చుంది. ఆకుపచ్చ గీత బండి పెట్రోలు బంకు దగ్గర ఆగి ఉంది. జోయాన్ వేగం తగ్గించకుండా, పెంచకుండా దాటించింది. బడి ముందు దిగేటప్పుడు తల్లి చేతిలో చెయ్యి పెడితే చల్లగా ఉంది.

టాట్రో లేచి నిలబడి రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "గ్రాసియాస్, గ్రాసియాస్!" అని స్పానిష్‌లో కృతజ్ఞతలు చెప్పాడు. తల్లి బెదిరి ఫ్లోరి వైపు చూసింది.

"మీ అమ్మకి చెప్పు. నువ్వు మంచి పిల్లవి. నువ్వంటే మా అందరికీ ఇష్టం."

ఫ్లోరి మామ్‌లో చెప్పింది. తన గురించి తను పొగడ్త చెప్పుకోవలసి రావడం ఎంత సిగ్గో అప్పుడే తెలిసింది.

"కానీ ఫ్రెంచిలో వెనకబడ్డావు. క్లాసులు చాలా పోయాయి."

చెప్పింది.

"స్పానిష్‌లోకి మారితే అందరికీ మంచిది. ఆఫీసులో అవసరం పడ్డప్పుడు సెన్యోరా ఏమీ అనుకోదు కూడా."

అదీ చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఆమె నేర్చుకున్నది అదే. ఇప్పుడు తన మీద శిక్ష తనే చదువుతోంది.

తల్లి మొత్తం విని తల ఊపింది. "సరే అనవే. పెద్దమనిషి, ఆలోచించే చెప్తాడు. పాల వేళవుతోంది, జోయాన్ బండి ఇంజను ఆపకుండా కూర్చుంది."

టాట్రో నవ్వు మొహంతో ఫ్లోరి వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

సరే అంటోంది అని చెప్పాలి. ఆ మాట నాలుక చివర ఉంది. అది గానీ జారిందా, రేపట్నించి ఒడెట్ అన్న మనిషి ఉండదు.

"మా అమ్మ అంటోంది," అంది. ఆ తర్వాత ఏం వస్తుందో ఆమెకే తెలియదు. "మా అమ్మాయి క్లాసు ఎగ్గొట్టలేదు అంటోంది. మీరు పిలిస్తేనే వచ్చింది. పిలిచింది మీరు, మార్కులు పోయింది దానికి, ఇదెక్కడి న్యాయం అంటోంది. అది మీ కుర్చీలో కూర్చున్నంతసేపూ దానికి ఫ్రెంచి ఎవరు చెప్తారు అంటోంది. ఇంకే పిల్లనైనా ఇలా లేపారా అని అడుగుతోంది."

టాట్రో నవ్వు మొహం మీదే ఎండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇకమీద ఈ పిల్లని క్లాసులోంచి పిలవొద్దు అంటోంది. శుక్రవారం పరీక్షకి కూర్చోనివ్వండి. అందులో పోతే అప్పుడు మీ ఇష్టం అంటోంది."

కూతురి గొంతు గట్టిపడడం విని తల్లి, ఎందుకైనా మంచిదని, నడుం నిటారు చేసి కూర్చుంది. ఫ్లోరి ఆపగానే, పని అయిపోయిందనుకుని ఆయన కళ్ళలోకి చూసి ఒక్కసారి గట్టిగా తల ఊపింది. సంతకం పెట్టినా అంత బలం ఉండేది కాదు.

"నిజమేనమ్మా," అన్నాడాయన చివరికి, నేరుగా తల్లితో. "మేం ఆలోచించలేదు. క్షమించండి. నేనూ హైస్కూల్లో రెండేళ్ళు స్పానిష్ చదివాను, మీరన్నది కొంత నాకే అర్థమైంది."

ఆ గదిలో ఆయనన్న గ్రాసియాస్ తప్ప ఇంకో స్పానిష్ మాట పుట్టలేదు. ఫ్లోరి నేల చూసింది.

బయటికొచ్చి మిసెస్ రోవెల్‌తో చెప్పాడు. ఆవిడ మూతి ముడిచి, పసుపు చీటీ మీద "ఫ్లోరిని పిలవకూడదు" అని రాసి స్పీకర్ మీటల పక్కన అంటించింది. "మరి రేపెవరైనా వస్తే?"

"చూద్దాం," అన్నాడు టాట్రో.

బండి వంతెన దాటింది. తల్లి అద్దంలోంచి బయటికి చూస్తూనే అంది. "నేనన్నది నాలుగు మాటలు. నువ్వు చెప్పింది నలభై. ఇంగ్లీషు అంత పొడుగా?"

ఫ్లోరి బడిసంచి పట్టీ సరిచేసుకుంది.

"నేను ఏమన్నానని చెప్పావు?"

దాచి లాభం లేదు. మొదట్నించి చివరిదాకా మామ్‌లో మళ్ళీ చెప్పింది. ముందు సీట్లో జోయాన్ రేడియో వింటోంది. తల్లి ఒడిలో చేతులు ముడుచుకుని, ఎవరిదో కథ విన్నట్టు విన్నది. పొలాల మీద మంచు మచ్చలు మచ్చలుగా వెనక్కి పోయింది.

"బాగానే అన్నానే," అంది చివరికి. ఆ రోజు ఇంటికి చేరేదాకా ఆవిడ తల కిటికీ కిందకి దించలేదు.

శుక్రవారం మేడం బల్లలు పక్కకి జరిపించి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. మిగతావాళ్ళని గ్రంథాలయానికి పంపి, ఒక్కొక్కరినే పిలుస్తోంది. కోల్బీ బయటికి వస్తూ మెడ కోసుకున్నట్టు సైగ చేశాడు. "మీ ఇల్లెలా ఉంటుందని అడిగితే మేకలా ఉంటుందన్నాను. వెళ్ళు, ఒడెట్, నా పరువు నువ్వే నిలబెట్టాలి."

కిటికీ మీద సన్నగా మంచువాన కొడుతోంది. స్పీకర్ గోడ మీద నోరు మూసుకుని ఉంది. ఫ్లోరి అలవాటుకొద్దీ దానివైపు ఒకసారి చూసి కూర్చుంది.

"ఒడెట్, నీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పు," అంది మేడం ఫ్రెంచిలో.

"మా అమ్మ ఆవుల దగ్గర పనిచేస్తుంది. ఆవులకి మా అమ్మంటే భయం లేదు. మాకుంది." మేడం పెదవులు బిగించింది, నవ్వు రాకుండా. "నాకొక చెల్లెలుంది. అది ట్రంపెట్ ఊదుతుంది. బాగా ఊదదు, కానీ ఆపదు. అదుగో, వినండి."

నడవా చివర్నించి వస్తోంది. అందరూ ఆగిపోయి ఒక్క ట్రంపెట్టే. తడబడి, ఎక్కి, ఇంకా ఎక్కబోయి... టక్కున ఆగిపోయింది. సగం మెట్టు మీద ఆగినట్టు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అదే ముక్క మళ్ళీ మొదలైంది. ఈసారి తప్పు లేకుండా, శుభ్రంగా, పైదాకా వెళ్ళి దిగింది.

ఫ్లోరి తల తలుపువైపు తిరిగింది.

"ఇంకా?" అంది మేడం.

ఇంకా ఉంది. రాత్రులు కూర్చుని కట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. మంచు గురించి, ఎర్ర సైకిలు గురించి, రేపు ఏం చేస్తుందో దాని గురించి. ఒక మాట ఇంకో మాటని లాక్కొచ్చింది. మధ్యలో ఒకసారి తను వెతక్కుండానే మాట వచ్చిందని తెలిసి ఒళ్ళు జలదరించింది. ఎవరూ పిలవలేదు. పీరియడ్ మొత్తం ఆమెదే.

చివర్లో మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మూడో ఏడు ఫ్రెంచిలో కలుద్దాం," అంది. తర్వాత ఇంగ్లీషులోకి దిగింది. "ఆ పెట్టె అరిచినప్పుడల్లా కుదరదని అనాల్సింది నేను. రెండేళ్ళలో ఒక్కసారైనా నోరు పెగల్లేదు. మీ అమ్మ వచ్చి అడిగిందట. ధైర్యమున్న మనిషి."

"అవును మేడం," అంది ఫ్లోరి.

బస్సులో ఫ్లోరి కిటికీ పక్క చోటు చెల్లెలికి అట్టిపెట్టింది. పరీక్ష సంగతి చెప్పాలని ఉవ్విళ్ళూరుతోంది. లెస్వియా అందరికన్నా ఆఖరున ఎక్కింది. ట్రంపెట్ పెట్టె చేతిలో లేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నెగ్గాను," అంది ఫ్లోరి.

"నాకు తెలుసు. నేనూ ఇవాళ ఒకటి చేశా. చెయ్యి పట్టు. కళ్ళు మూసుకో."

అరచేతిలో ఏదో పెట్టింది. ఫ్లోరి చూసింది. మేపుల్ మిఠాయి. ఆకు ఆకారంలో. కొరకకుండా, చివర్లు కూడా విరగకుండా తెచ్చింది.

"మిసెస్ రోవెల్ ఇచ్చింది. నాకూ స్పానిష్ వచ్చా అని అడిగితే కొంచెం వచ్చన్నా. అక్కలాగే ఎంత పనికొచ్చావే, నువ్వు లేకపోతే మా గతేమిటో అంది." లెస్వియా సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఊగుతోంది. "తినక్కా. నువ్వు ఒక్కటీ తినలేదుగా, అన్నీ నాకే పెట్టేదానివి."

"ఏ క్లాసులోంచి పిలిచారు?"

"బ్యాండు. మధ్యలో లేచి వెళ్ళిపోయా కదా, ఆ మొదటి ముక్క కెల్సీకి ఇచ్చేశారు. అది బాగా వాయిస్తుందిలే. నా దగ్గరున్న బడి ట్రంపెట్ కూడా మాస్టారు దానికే ఇచ్చారు, ఇంటికి పట్టుకెళ్ళి నేర్చుకోమని. పర్వాలేదు. సోమవారం మళ్ళీ రమ్మన్నారు నన్ను."

ఈ పిల్లని పిలవొద్దు. తల్లి నోట తను పెట్టిన మాట అదే. ఈ పిల్లని. వాళ్ళు ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు. ఆ మాట అనేటప్పుడు ఫ్లోరికి లెస్వియా గుర్తుకి కూడా రాలేదు. ఒక్క క్షణం కూడా రాలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎవరొచ్చారు ఆఫీసుకి?"

లెస్వియా ఊగడం ఆపింది. మోకాళ్ళు దించి, సరిగ్గా కూర్చుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. పన్నెండేళ్ళ పిల్ల, అచ్చం తల్లిలా.

"ఒకావిడ. చాలాసేపు ఏడ్చింది. ఎందుకేడ్చిందో నాకు తెలుసు." బస్సు కదిలింది. లెస్వియా అద్దం వైపు తిరిగి, ఊపిరికి ఆవిరి పట్టిన చోట వేలితో గీత గీసి చెరిపేసింది. "ఎవరికీ చెప్పొద్దన్నారక్కా. నీకు కూడా."

మిఠాయి ఫ్లోరి చేతి వేడికి కరగడం మొదలుపెట్టింది. నోట్లో వేసుకుంది. ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకి తెలియదు.